మేస్త్రీ విద్యకు ఉత్తరరూపమెవరు?

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి విద్యను ఒక సంధిగా ఉపాసించమంటుంది. ఆచార్యుడు పూర్వరూపం, అంతేవాసి ఉత్తరరూపం, విద్య వారిరువురి నడుమనున్న సంధి, ప్రవచనం వారిని కలిపే సంధానం. ఉత్తరపదం లేనిదే సంధి లేదన్న సంగతి వ్యాకరణంలో తొలి పాఠం చదివిన బాలునికైనా తెలుసు. పూర్వపదం ఎంత గంభీరమైనదైనా ఒంటరిగా నిలిచిపోతుంది. ఈ ఉపాసన వేదాధ్యయనానికే చెందినదని సరిపెట్టుకొనేవారు, నేడు ఎన్ని లౌకికవిద్యలు ఇలా ఒంటరి పూర్వరూపాలుగా ముగిసిపోతున్నాయో గమనించరు. వాటిలో ఒకటి ఆధ్యాత్మిక ప్రసంగాలలో ఎన్నడూ ప్రస్తావనకు రానిది: పాత మోటారు సైకిళ్ళ ఇంజన్లను విప్పి, శోధించి, పునఃప్రతిష్ఠించే మేస్త్రీల విద్య.

ఉదాహరణకు బుల్లెట్ బండిని తీసుకోవచ్చు. 1955లో ఇంగ్లండుకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాసు మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను నెలకొల్పాయి. మద్రాసు సమీపాన తిరువొత్తియూరులో కర్మాగారం వెలసింది. కాలక్రమంలో ఇంగ్లండులోని మూలసంస్థ మూతపడినా, పోత ఇనుప సిలిండరు గల ఆ ఇంజను మాత్రం ఇక్కడ దశాబ్దాల తరబడి, స్వల్పమైన మార్పులతో, తయారవుతూనే వచ్చింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 ఘనసెంటీమీటర్ల పరిమాణం. తల్లివేరు ఎండిపోయిన తరువాత కొమ్మయే వృక్షమైన విచిత్రం అది. ఈ శతాబ్ది తొలి దశకం ముగిసేనాటికి కొత్త నిర్మాణపు ఇంజన్లు వచ్చి దానిని తొలగించాయి. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961లో ఆరంభమై 1996లో మూతపడింది. అయినా జావాలు, యెజ్డీలు, పాత బుల్లెట్లు తెలుగునాట ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కర్మాగారాలు వాటిని విడిచిపెట్టి చాలాకాలమైంది. వాటిని నిలబెడుతున్నది మేస్త్రీలే.

మేస్త్రీకి తెలిసినదేమిటి? పుస్తకంలో ఉన్నదంతా ఆయనకు తెలియకపోవచ్చు. ఆయనకు తెలిసినదంతా ఏ పుస్తకంలోనూ లేదు. పాత బుల్లెట్ ఇంజనులో పుష్ రాడ్లను సవరించే విధానం చూడదగినది. ఇంజను చల్లగా ఉండగా, పిస్టను పైకొనకు చేరి రెండు వాల్వులూ మూసుకొని ఉన్న స్థితిలో, ఆ కడ్డీ వ్రేళ్ళతో త్రిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. పైకీ క్రిందికీ మాత్రం ఆడరాదు. గ్రంథం చెప్పగలిగేది అంతే. స్వేచ్ఛకూ వదులుకూ నడుమ నున్న ఆ సన్నని రేఖ ఎక్కడుందో అక్షరం చెప్పలేదు, వ్రేలి కొస చెబుతుంది. ప్లాటినం అని మేస్త్రీలు పిలిచే కాంటాక్టు పాయింట్ల ఎడం మిల్లీమీటరులో మూడోవంతు కంటె కాస్త ఎక్కువ. అవి విడివడే క్షణాన్ని పట్టుకోవడానికి వాటి మధ్య సిగరెట్టు కాగితపు ముక్క ఉంచి, ఫ్లైవీలును మెల్లగా త్రిప్పుతూ, కాగితం జారే సందును కనిపెడతారు. క్రాంకు సవరణ అంతకంటె సూక్ష్మం. రెండు ఫ్లైవీళ్ళను క్రాంకు పిన్నుతో కలిపి బిగించాక, రెండు కొనల మధ్య నిలిపి, డయల్ గేజి ముల్లు చూస్తూ, రాగి సుత్తితో అంచుపై కొట్టి సరిచేస్తారు. మిల్లీమీటరులో కొన్ని శతాంశాలకు మించి వ్యత్యాసం ఉండరాదు. ఎక్కడ కొట్టాలో చూపవచ్చు. ఎంత కొట్టాలో చెప్పడానికి ఏ భాషలోనూ మాట లేదు.

శబ్దపరీక్ష సంగతి వేరే చెప్పాలి. స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై ఆనించి పిడిని చెవికి చేర్చుకొని మేస్త్రీ వినే దృశ్యం అందరూ చూసినదే. చల్లగా ఉన్నప్పుడు టకటకలాడి, వేడెక్కాక అణగిపోయే చప్పుడు పిస్టనుది కావచ్చు. బరువు పడిన కొద్దీ పెరిగే చప్పుడు కనెక్టింగ్ రాడ్ అడుగు బేరింగుది కావచ్చు. ఇక్కడ ఒక వేదాంతమర్యాద అనుకోకుండా స్ఫురిస్తుంది. కర్మ పురుషతంత్రం, జ్ఞానం వస్తుతంత్రం అని శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో విభజించారు. కర్మను చేయవచ్చు, మానవచ్చు, మరొక విధంగా చేయవచ్చు. జ్ఞానం విషయంలో పురుషుని ఇచ్ఛకు ఆ స్వాతంత్ర్యం లేదు, వస్తువు ఎలా ఉంటే అలాగే తెలియాలి. బండి యజమానికి ఖర్చు తగ్గాలని ఉంటుంది, మేస్త్రీకి తన తొలి అనుమానమే నిజం కావాలని ఉంటుంది. చప్పుడు మాత్రం పుట్టేచోటనే పుడుతుంది. తన రాగద్వేషాలను ప్రక్కనుంచి వస్తువుకు తలవంచడం ఆ షెడ్డులో దినదినమూ జరిగే అభ్యాసం.

ఇంతమాత్రాన మేస్త్రీవిద్యను బ్రహ్మవిద్యగా ఆరాధించనవసరం లేదు. అటువంటి అతిశయోక్తులు ఈ మధ్య ఎక్కువయ్యాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కొంతకాలం తత్త్వశాస్త్రం అభ్యసించిన అమెరికా రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో మోటారు సైకిల్ మరమ్మతును జెన్ మార్గంతో ముడిపెట్టి రాసిన గ్రంథం లోకప్రసిద్ధం. దానిని అనుకరిస్తూ, ప్రతి పనినీ ధ్యానమని పిలిచి సంతృప్తి చెందడం పరిపాటి అయింది. గీతలో కౌశలమే యోగమని భగవానుడు పలికిన మాటకు, పని బాగా చేయడమే యోగమని అర్థం చెప్పేవారు అనేకులు. భాష్యకారులు అలా అనలేదు. స్వధర్మరూపమైన కర్మలో ప్రవర్తిస్తూ, ఈశ్వరార్పణబుద్ధితో, సిద్ధిలోనూ అసిద్ధిలోనూ సమత్వం నిలుపుకొనడమే కౌశలమనీ, బంధించే స్వభావం గల కర్మలే ఆ సమత్వం వల్ల బంధకత్వాన్ని విడుస్తాయనీ వారి నిర్ణయం. కాబట్టి చక్కగా బోరు వేయించి, రింగులు కూర్చి, తొలి కిక్కుకే ఇంజనును పలికించినవాడు నిపుణుడు మాత్రమే. పలకనినాడు కూడ కలత చెందక తిరిగి విప్పగలిగినవాడు యోగానికి దగ్గరగా ఉన్నాడు. అపరవిద్య అపరవిద్యయే. ముండకోపనిషత్తు దానిని పరవిద్య నుండి వేరుచేసింది. తెలియదగిన విద్యలు రెండని చెప్పినప్పుడు మాత్రం దానినీ లెక్కించింది.

ప్రస్తుత విచారణ విద్య స్థాయిని గురించి కాదు, సంక్రమణాన్ని గురించి. మహాభాష్యం పస్పశాహ్నికంలో పతంజలి మహర్షి, విద్య నాలుగు దశలలో సార్థకమవుతుందని చెప్పారు: గురువు వద్ద గ్రహించే కాలం, స్వయంగా అభ్యసించే కాలం, ఇతరులకు బోధించే కాలం, వ్యవహారంలో వినియోగించే కాలం. నేటి మేస్త్రీల జీవితంలో మూడవది లోపించింది. పన్నెండేళ్ళో పదిహేనేళ్ళో ఒక పెద్ద మేస్త్రీ క్రింద పనిచేసి గ్రహించారు, అభ్యసించారు, జీవితమంతా వినియోగించారు. బోధించలేదు. వారికి గల కారణాలు తేలికగా త్రోసిపుచ్చదగినవి కావు. నేర్చిన కుర్రవాడు ఎదురువీధిలోనే షెడ్డు తెరుస్తాడేమో అన్న భయం ఉంది. సగం నేర్చి వెళ్ళి పేరు చెడగొడతాడన్న అనుభవం ఉంది. అన్నిటికీ మించి, కార్బొరేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చిన తరువాత ఈ పాత విద్యతో ఎవరు బ్రతుకుతారన్న నిరాశ ఉంది.

రహస్యం పాటించడం సంప్రదాయమే కదా అని కొందరంటారు. దానికి బలమైన ప్రమాణమే ఉంది. ధారానగరాన్ని ఏలిన భోజమహారాజు 11వ శతాబ్దిలో రచించిన సమరాంగణసూత్రధారంలో యంత్రాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అందులో ఆయన, యంత్రాల కూర్పును వివరంగా చెప్పకపోవడం అజ్ఞానం వల్ల కాదు, గోపనం కొరకేననీ, బహిరంగమైతే అవి ఫలమివ్వవనీ స్పష్టంగా అన్నాడు. ఆ అధ్యాయంలోని కొయ్యపక్షి ఎగిరిందా లేదా అని వాదించుకొనేవారికి కొదవ లేదు; దానికంటె విలువైన మరొక మాటను ఆ కోలాహలంలో పట్టించుకున్నవారు తక్కువ. యంత్రనిర్మాణసామర్థ్యానికి కావలసిన సామగ్రిని భోజుడు లెక్కించినప్పుడు ముందుగా పేర్కొన్నది పారంపర్యాన్ని. ఆ తరువాత కౌశలం, ఉపదేశం, శాస్త్రాభ్యాసం, పనిలో పూనిక, బుద్ధి. అంటే ఆయన గోపనం పరంపర ఉన్నదన్న విశ్వాసం మీద నిలిచినది. గ్రంథంలో దాచినది శిష్యుని చేతిలో ఉంటుందన్న భరోసా ఉన్నప్పుడే దాచడానికి అర్థముంది. శిష్యుడే లేనిచోట గోపనానికీ వినాశానికీ భేదం లేదు. రహస్యమంత్రాన్ని కూడ ఒకరి చెవిలోనైనా చెప్పవలసిందే.

ఇక అధికారి ఎవరు? మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే విప్రుడు ధర్మాన్ని తెలుసుకోవడానికి మిథిలలోని మాంసపు అంగడికి వెళ్ళి ధర్మవ్యాధుని ముందు నిలిచాడు. వృత్తి చూసి వెనుదిరిగి ఉంటే ఆ ఉపదేశమే లేదు. హైదరాబాదు షెడ్లలో గురువును ఉస్తాద్ అంటారు, కోస్తాలో మేస్త్రీ అంటారు. విద్యకు ఆ భేదం లేదు, శ్రద్ధకూ లేదు. కాని గురుకులమన్న పేరు చెప్పి పసివాళ్ళ చేత పానాలు మోయించడాన్ని సమర్థించడం అధర్మం. నేటి పెద్ద మేస్త్రీలలో అనేకులు బాల్యంలో అలాగే, దెబ్బలు తింటూ నేర్చినవారు. విద్య ఆ దెబ్బల వల్ల రాలేదు, వాటిని మించిన శ్రద్ధ వల్ల వచ్చింది. చదువుకోవలసిన వయస్సు చదువుకే చెందాలి; ఐ.టి.ఐ. ముగించిన యువకుడు, ఇంజనీరింగు చదివి కూడ ఏనాడూ ఒక గ్యాస్కెట్టు పెట్టని యువతి, ఉద్యోగవిరమణ చేసిన గృహస్థు, వీరెవరైనా అంతేవాసులు కావచ్చు.

దృశ్యరూపంలో అన్నీ భద్రపరిస్తే చాలదా అన్న ప్రశ్న సహజం. భద్రపరచవలసిందే. సమాధానం మాత్రం వేదశాఖల చరిత్రలో ఉంది. పతంజలి కాలానికి ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి 1000, అథర్వవేదానికి 9 శాఖలని ఆయనే లెక్క చెప్పారు. నేడు మిగిలినవి వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని. తాళపత్రాలలో మంత్రం దొరికి, స్వరంతో పలికే కంఠం దొరకని స్థితి కూడ ఏర్పడింది. స్వరం వ్రాతలో సగమే నిలుస్తుంది, మిగిలిన సగం గురువు నోటి నుండి శిష్యుని చెవికి చేరాలి. రాగి సుత్తి దెబ్బ విషయమూ అంతే. దానిని తెరమీద వందసార్లు చూసినవాడు మొదటిసారి సుత్తి పట్టినప్పుడు అవసరమైన దానికంటె గట్టిగానే కొడతాడు. ప్రక్కన ఉన్న చేయి అతని మణికట్టును ఆపాలి.

పెట్రోలు బండ్లే అంతరిస్తే ఈ విద్య ఎందుకు? అంతరించవచ్చు. బుల్లెట్ ఇంజను నిత్యవస్తువని ఎవరూ అనడం లేదు. నామరూపాలకు ఆద్యంతాలు తప్పవు. అయితే ఇనుము ముందు కూర్చొని, ఊహను విడిచి, ఉన్నది ఉన్నట్టు చూడడం, విని నిర్ణయించడం, తప్పితే తిరిగి విప్పడం అనే క్రమశిక్షణ ఒక ఇంజనుతో అంతమయ్యేది కాదు. పాత ఇంజను దానికి అనువైన పాఠ్యగ్రంథం. దానిలో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. కారణం నుండి కార్యం వరకు ఏదీ మూసిన పెట్టెలో దాగి ఉండదు.

భక్తసమాజానికి ఇందులో పనిలేదనుకోవడం సరికాదు. విజయదశమికి ప్రతి ఇంటి ముందు బండికి పసుపుకుంకుమలు, పూలమాల, చక్రాల క్రింద నిమ్మకాయలు. యంత్రానికి అంత పూజ. ఆ యంత్రపు మర్మమెరిగిన వృద్ధునికి మాత్రం ఏకవచనం, కూలి దగ్గర బేరం. రెండు రోజులు శ్రమించి ఇంజను కూర్చినవాని కూలిలో కోత పెట్టే చేయి, తాను కొన్న విడిభాగాల ధర అడిగినంత ఇస్తుంది. అందువల్ల పరంపర తెగడంలో దోషం మేస్త్రీది మాత్రమే కాదు. శిష్యుణ్ణి పోషించగల ఆదాయం లేని గురువు శిష్యుణ్ణి స్వీకరించలేడు. పాత బండిని వేలు, లక్షలు పోసి అలంకరించుకొనే అభిమానులు, ఆ మొత్తంలో కొంతభాగాన్ని మేస్త్రీ ప్రక్కన కూర్చొనే ఒక నవయువకుని ఏడాది భృతికి కేటాయించవచ్చు. గోశాలలకు, వేదపాఠశాలలకు విరాళమిచ్చే ఆలయ సంఘాలలో ఏ ఒక్కటైనా ఊరిలోని పెద్ద మేస్త్రీని దసరానాడు పిలిచి, పీట వేసి, వస్త్రమిచ్చి, శిష్యుణ్ణి ఎవరిని తీసుకుంటున్నారని అడగవచ్చు.

శిక్షావల్లిలోనే మరొక అనువాకం ఉంది. సత్యం, తపస్సు, దమం, శమం, అతిథిసేవ ఇలా ఒక్కొక్క ధర్మాన్ని చెబుతూ, ప్రతిదాని వెంటా స్వాధ్యాయప్రవచనాలను జోడిస్తుంది. చివర ముగ్గురు ఋషుల మతాలు వినిపిస్తాయి: సత్యమే ముఖ్యమని ఒకరు, తపస్సే ముఖ్యమని ఒకరు. ముద్గలవంశజుడైన నాకుడు మాత్రం నేర్వడం, నేర్పడం ఇవే తపస్సు అన్నాడు. షట్టరు దించి ఇంటికి వెళ్ళే వృద్ధ మేస్త్రీకి ఎవరైనా ఈ మాట తెలుగులో చెప్పి ఉంటే, బహుశా ఆయన మరునాడు సుత్తిని ప్రక్కవాని చేతికి ఇచ్చేవాడు.