పేరడగని అంగడిలో కులం

'పైసా పెట్టుబడి లేకుండా ఇంటి నుంచే టీషర్టుల వ్యాపారం, నెలకు లక్ష లాభం' అని ఊరించే తెలుగు వీడియోలకు ఇవాళ కొదవ లేదు. డిగ్రీ, పీజీ పూర్తి చేసి, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి విసిగిన యువతరం వాటిని శ్రద్ధగా చూస్తోంది. ఆ చూసేవారిలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థులు ఎందరో ఉన్నారని విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పేవారికి వేరుగా చెప్పనక్కర్లేదు. లాభం ఆశ ఒక్కటే వారిని అటు లాగడం లేదు. ఆన్‌లైన్‌లో కొనేవాడు అమ్మేవాడి ముఖం చూడడు. ఏ వాడ, ఎవరి కొడుకు, ఇంటిపేరేమిటి అని ఆరా తీయడు. ఊళ్లో టిఫిన్ హోటలు పెడితే ఎవరు వచ్చి కూర్చుంటారో, ఎవరు గడప తొక్కరో ముందుగానే తెలిసిపోయే సమాజంలో, పేరడగని అంగడి అన్నది చిన్న వాగ్దానం కాదు.

ఈ వాగ్దానం విలువ తెలియాలంటే అంబేడ్కర్ జీవితంలోని ఒక ఘట్టాన్ని గుర్తు చేసుకోవాలి. 1917లో బరోడా కొలువులో అవమానాల పాలై బొంబాయి తిరిగొచ్చిన తర్వాత, కుటుంబ పోషణ కోసం ఆయన పెట్టుబడులపై సలహాలిచ్చే ఒక చిన్న సంస్థను నెలకొల్పారు. కొలంబియాలోనూ, లండన్‌లోనూ అర్థశాస్త్రం చదివిన మనిషికి ఆ పనికి కావలసిన అర్హతలో లోటేముంటుంది? కానీ సలహాదారు అంటరాని కులస్థుడని తెలిసిన మరుక్షణం ఖాతాదారులు జారుకున్నారు. సంస్థ మూతబడింది. ఆ అనుభవం జరిగి శతాబ్దం దాటింది. 2005 ఆర్థిక గణన ఆధారంగా లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వార్ష్నే చేసిన అధ్యయనం ప్రకారం దేశ జనాభాలో 16.4 శాతంగా ఉన్న షెడ్యూల్డ్ కులాల చేతిలో ఉన్న సంస్థలు 9.8 శాతం మాత్రమే. ఆ సంస్థల్లోనూ అధిక భాగం ఒక మనిషి లేదా ఒక కుటుంబం రెక్కల మీద నడిచేవే.

మరి టీషర్టు ఈ లెక్కను మారుస్తుందా? ముందు వ్యాపారం నడిచే తీరు చూద్దాం. 'పెట్టుబడి లేకుండా' అనే మాటకు ఆధారం ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతి. డిజైను మనది, ప్లెయిన్ టీషర్టు, అచ్చు, ప్యాకింగు, కొరియరు మరో కంపెనీవి. ఆర్డరు వచ్చాకే చొక్కా అచ్చవుతుంది. కంపెనీ తన ధర తీసుకుని, మిగిలినది మనకిస్తుంది. సరుకు పేరుకుపోయే భయం లేదు కాని, ఒక్కో చొక్కా మీద మిగిలేది స్వల్పం. రెండో పద్ధతిలో మనమే తెల్ల, నల్ల చొక్కాలు కొని, అచ్చు వేయించి, సొంత పేరుతో పంపాలి. లాభం ఉందంటే ఈ రెండో దారిలోనే ఉంది.

ఉదాహరణకు ఒక లెక్క వేసుకుందాం. చొక్కా అమ్మకం ధర 399 రూపాయలు. జీఎస్టీ 5 శాతం కింద 19 పోతుంది. చొక్కాకు, అచ్చుకు కలిపి 190, సంచికి 10, కొరియరుకు 70. మిగిలేది 110. పది ఆర్డర్లు వస్తే, సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతిలో కనీసం రెండు వెనక్కి వస్తాయనుకోండి. ఎనిమిదింటి మీద 880 మిగులుతుంది. తిరిగొచ్చిన రెండింటికి రానుపోను కొరియరు, ప్యాకింగు కలిపి 260 నష్టం. మిగిలిన 620లో ఆర్డరుకు 60 చొప్పున ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల ఖర్చు 600. పది చొక్కాలు అమ్మినవాడి చేతిలో ఇరవై రూపాయలు! ఈ అంకెలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. లెక్క తీరు మారదు. ఇదే వ్యాపారంలో మరొకరు లాభపడుతున్నారంటే, వారు చొక్కాలను వేల లెక్కన, ఒక్కోటి 40 రూపాయలు తక్కువకు తెచ్చుకుంటున్నారని అర్థం. అప్పుడు అమ్ముడైన ఎనిమిదింటి మీదే ఇరవై కాస్తా 340 అవుతుంది. డిజైను అదే, శ్రమ అదే, కొనేవాడూ అతడే. వీడియోలు ఎన్నడూ ప్రస్తావించని కులం ఆ నలభై రూపాయల్లో ఉంది.

టీషర్టు బట్ట మగ్గం మీద నేసేది కాదు, యంత్రం మీద అల్లేది. అందుకే మన సిరిసిల్ల, పోచంపల్లి దీనికి పనికిరావు. తమిళనాడులోని తిరుప్పూరు వెళ్లాలి. ఆ పట్టణంపై శరద్ చారి 2004లో వెలువరించిన 'ఫ్రాటర్నల్ క్యాపిటల్' గ్రంథం ఒక ఆసక్తికరమైన సంగతి చెబుతుంది. వ్యవసాయం నుంచి వచ్చిన గౌండర్ కులస్థులు మొదట బనియన్ల ఫ్యాక్టరీల్లో కార్మికులుగా చేరి, తర్వాత యజమానులయ్యారు. అదెలా సాధ్యమైందని అడిగితే 'మా కష్టం' అని వారు చెప్పుకున్నారు. కష్టం అబద్ధమేమీ కాదు. అయితే ఆ కష్టం వెనుక భూమి ఉంది, బంధుత్వం ఉంది, సరుకు ముందిచ్చి డబ్బు తర్వాత తీసుకునే నమ్మకం ఉంది. పక్కనే అదే మిషను మీద అంతే కష్టపడిన దళిత కార్మికుడికి ఆ నమ్మకం దక్కలేదు. మన రాష్ట్రాల్లో కృష్ణా, గోదావరి డెల్టాల మిగులు సినిమాల్లోకి, మందుల కంపెనీల్లోకి, కార్పొరేట్ కాలేజీల్లోకి ప్రవహించిన తీరు తెలిసిన పాఠకుడికి ఇది కొత్త కథ కాదు.

కొత్తగా దిగిన దళిత యువకుడికి తిరుప్పూరులో ఉద్దెర ఎవరిస్తారు? మామ, బావమరిది అక్కడ లేడు. పూచీ పడే పెద్దమనిషి లేడు. రొక్కం ముందే కట్టాలి, యాభయ్యో వందో చొక్కాలు చిల్లర ధరకే కొనాలి. అదే సరుకును అరవై రోజుల అరువుకు తెచ్చుకున్నవాడు అమ్మి, డబ్బు చేతికొచ్చాక చెల్లిస్తాడు. అంటే ఒకరు వడ్డీ కట్టి చేసే వ్యాపారాన్ని మరొకరు వడ్డీ లేకుండా చేస్తున్నారు. దీన్ని ప్రతిభలో తేడాగా చదవడం మన వాణిజ్య విద్యాసంస్థలకు అలవాటైపోయింది.

ఈ లోటు పూడ్చడానికి ప్రభుత్వ పథకాలు లేవా అంటే, ఉన్నాయి. 2016 ఏప్రిల్‌లో మొదలైన స్టాండప్ ఇండియా ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి వరకు రుణమివ్వాలని చెప్పింది. తెలంగాణ 2014లోనే టి-ప్రైడ్ తెచ్చింది. 2021లో హుజూరాబాద్‌లో ప్రయోగాత్మకంగా అమలైన దళితబంధు, బ్యాంకు ప్రమేయం లేకుండా కుటుంబానికి 10 లక్షలు నేరుగా ఇచ్చిన సాహసం. దాన్ని ఎన్నికల ఎత్తుగడ అని కొట్టిపారేసినవారితో ఈ వ్యాసకర్తకు ఏకీభావం లేదు. అయితే లబ్ధిదారుల్లో చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకు రవాణా వాహనాలు ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించాలి. పథకాల భాషలో వ్యాపారం అంటే 'యూనిట్'. కంటికి కనిపించాలి, ఫొటోకు అందాలి. అచ్చు యంత్రానికి రుణం దొరుకుతుంది. తిరిగొచ్చిన చొక్కాల నష్టానికి, మొదటి ఆరు నెలల ప్రకటనల ఖర్చుకు, సరుకు పోయి డబ్బు రావడానికి మధ్య ఉండే వారాలకు దొరకదు. ముద్ర రుణాలు నిర్వహణ ఖర్చుకూ ఇవ్వొచ్చని నిబంధన ఉన్నా, ఆ విచక్షణ బ్యాంకు మేనేజరు చేతిలో ఉంది. యంత్రం ఉండి, దాన్ని తిప్పడానికి డబ్బు లేనివాడు చివరకు ఆ యంత్రం మీద పక్కవాడి ఆర్డర్లు కూలికి అచ్చు వేస్తాడు.

ఇక పేరడగని అంగడి అన్న మొదటి వాగ్దానం సంగతి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం అమ్మకందారు వ్యాపార నామం, చిరునామా కొనుగోలుదారుకు కనిపించాలి. వినియోగదారుడి దృష్టితో చూస్తే మంచి నిబంధనే. కాని మన దేశంలో చిరునామా అంటే ఏమిటి? ఎస్సీ కాలనీ, అంబేడ్కర్ నగర్, అరుంధతీ నగర్, హరిజనవాడ. ఊరి పటం మీద కులం గీసిన గీతలే పిన్‌కోడ్ పక్కన అచ్చవుతాయి. దాన్ని తప్పించుకోవాలంటే పట్టణంలో గది అద్దెకు తీసుకోవాలి. జీఎస్టీ నమోదుకు వ్యాపార స్థలం రుజువు కావాలి. అద్దె గది అయితే అద్దె ఒప్పందమో, యజమాని సమ్మతి పత్రమో జతచేయాలి. 'మీరేంటోళ్లు?' అనే ప్రశ్న దాటితే తప్ప గది తాళం చేతికి రాని పట్టణాల్లో, పన్ను నమోదు కాగితం కూడా ఇంటి యజమాని కులదృష్టి గుండానే రావాలి. అంగడి పేరు అడగలేదు, నిజమే. అంగడికి వెళ్లే దారిలో ప్రతి మలుపులోనూ అడిగారు.

చిన్న అమ్మకందారులకు ఊరటగా 2023 అక్టోబరు నుంచి, పరిమితిలోపు టర్నోవరు ఉన్నవారు జీఎస్టీ నమోదు లేకుండానే ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్ముకోవచ్చన్నారు. సరుకుల వ్యాపారానికి ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. షరతు ఏమిటంటే రాష్ట్రం దాటి అమ్మకూడదు. ఖమ్మంలో అచ్చైన చొక్కా విజయవాడకు వెళ్లకూడదన్నమాట! భాష ఒకటే, అభిమాన హీరో ఒకడే, ఏప్రిల్ 14న ఎత్తే జెండా ఒకటే అయినా.

ఆ జెండా ప్రస్తావన ఎలాగూ వచ్చింది. తెలుగునాట టీషర్టుల గిరాకీలో అంబేడ్కర్ జయంతికి ప్రత్యేక స్థానం ఉంది. నీలి చొక్కా, గుండెల మీద బాబాసాహెబ్ బొమ్మ, 'జై భీమ్' అక్షరాలు. యువజన సంఘాలు చందాలు వేసుకుని ఒకేసారి డజన్ల కొద్దీ కొంటాయి. దీన్ని తేలికగా చూడకూడదు. ఇండోర్ ప్రాంతంలో బలాయీలు జరీ అంచు తలపాగా చుట్టరాదని, రంగు అంచు ధోవతి కట్టరాదని ఆధిపత్య కులాలు విధించిన ఆంక్షలను అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో ప్రపంచం ముందు పెట్టారు. 1927 డిసెంబరులో మహద్‌లో స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టిచ్చే కట్టును వదిలేయమన్నారు. ఏం కట్టుకోవాలో ఇతరులు శాసించిన మనుషులు తమ ఛాతీ మీద తమ నాయకుడి బొమ్మను వేసుకుని బజారులో నడవడం రాజకీయ చర్య. కొన్ని ఊళ్లలో దానికి ఇప్పటికీ ధైర్యం కావాలి.

కాని ఆ చొక్కా మీది లాభం ఎవరిది? పెద్ద వేదికల్లో 'జై భీమ్' అని వెతికితే వరసగా కనిపించే అమ్మకందారులకు, మరుసటి నెల ఏ దేవుడి బొమ్మకు, ఏ క్రికెటర్ బొమ్మకు గిరాకీ ఉంటే అదే కావాలి. వ్యాపారంలో అది తప్పేమీ కాదు; అంబేడ్కర్ బొమ్మను దళితులే అమ్మాలని ఎవరూ పేటెంటు రాయించుకోలేదు. అయినా, చందా వేసుకున్న కూలీ డబ్బు ఆ వాడలోనే ఉన్న అచ్చు యంత్రానికి చేరకుండా పోవడం గురించి మన సంఘాలు ఆలోచించాలి. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ తన సంచుల సంస్థకు 'చమార్ స్టూడియో' అని పేరు పెట్టారు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' పేరుతో మసాలాలు అమ్మారు. పేరు దాచకుండా పేరునే సరుకు చేయడం ఒక మార్గం. అందరూ ఆ బరువు మోయాలని శాసించలేం. అర్థం కాని ఇంగ్లిషు పేరు వెనుక ప్రశాంతంగా వ్యాపారం చేసుకునే హక్కు కూడా దళితుడికి ఉండాలి.

ఇంకొక ప్రశ్న అసౌకర్యమైనదే అయినా అడగక తప్పదు. 190 రూపాయల చొక్కా ఎవరు కుట్టారు? తమిళనాడు నూలు మిల్లుల్లో 'సుమంగళి' పేరుతో పెళ్లి ఖర్చుకు డబ్బిస్తామని ఆశ చూపి, ఏళ్ల తరబడి హాస్టళ్లలో బందీలుగా పని చేయించుకున్నది ఎక్కువగా పేద దళిత బాలికలచేతనే. దిండిగల్ జిల్లాలో ఒక దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసిన జయశ్రీ కతిరవేల్ అనే దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది. ఆ కేసులో ఆమె సూపర్‌వైజరు అరెస్టయ్యాడు. దళిత మహిళల నాయకత్వంలోని కార్మిక సంఘం పోరాడి 2022 ఏప్రిల్‌లో సాధించిన దిండిగల్ ఒప్పందం, లైంగిక వేధింపులతో పాటు కుల వేధింపులనూ నిషేధించింది. అంతర్జాతీయ బ్రాండు హెచ్ అండ్ ఎమ్ దాని మీద సంతకం చేసింది. వంద చొక్కాలు కొనే చిన్న వ్యాపారి ఫ్యాక్టరీని తనిఖీ చేయలేడు. వెయ్యి మంది కలిస్తే అడగగలరు.

ఆ వెయ్యి మంది కలవడమే నలభై రూపాయల సమస్యకూ పరిష్కారం. ఎస్సీ కార్పొరేషన్లు ఒక్కొక్కరికి ఒక్కో యంత్రం పంచే బదులు, తిరుప్పూరు నుంచి టోకున బట్ట కొని, ఇరు రాష్ట్రాల చిన్న అమ్మకందారులకు అరవై రోజుల అరువుకు ఇచ్చే గిడ్డంగి ఒకటి నడపవచ్చు. వ్యాపార చిరునామాగా చూపుకోవడానికి అక్కడే గదులివ్వవచ్చు. గిరాకీ కూడా ప్రభుత్వం చేతిలో ఉన్నదే. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ప్రతి ఏటా పిల్లలకు యూనిఫారాలు, ఆటల దుస్తులు కొంటారు. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలని 2012 నాటి విధానం చెబుతున్నా, ఆచరణ ఆ గీతకు చాలా దిగువనే ఉంది. గురుకులాల ఆటల చొక్కాల్లోనైనా రెండు రాష్ట్రాలూ అంతకంటే పెద్ద వాటాతో మొదలుపెట్టవచ్చు. బిల్లు మాత్రం ఎంఎస్ఎంఈ చట్టం చెప్పిన 45 రోజుల్లో చెల్లించాలి. ఆర్నెల్లు ఫైలు చుట్టూ తిప్పితే, ఆ ఆర్డరు మళ్లీ అరువు పుట్టించుకోగలిగిన వాడికే పోతుంది.