ఏరు దాటాక బోడి మల్లన్నేనా?
పైలట్ లేని డ్రోన్ల మీద మన మాట



గత దాళ్వాలో ఒక రోజు పొద్దున్నే మా చేలో డ్రోన్‌తో మందు కొట్టించాం. ఎగరేసింది పక్క ఊరి డ్వాక్రా సంఘం అమ్మాయి. ఎకరంన్నర చేను. ఒక పక్క కొబ్బరి గట్టు, రెండో పక్క బోదె, బోదె అవతల రొయ్యల చెరువు. రెండు సాళ్లు తిరిగిందో లేదో ఆ అమ్మాయి డ్రోన్‌ని దించేసింది. "ఏమ్మా, ఛార్జింగ్ అయిపోయిందా?" అనడిగాను. "లేదు బాబాయ్, పైరగాలి ఎత్తుకుంది. మందు చెరువు మీదకి పోతోంది. తగ్గేదాకా ఆగుదాం" అంది.

గంటన్నర గట్టు మీద కూర్చున్నాం. ఆ గంటన్నరకి ఆమెకి ఎవరూ పైసా ఇవ్వరు. ఎకరానికి ఇంత అని లెక్కగనక ఆగితే ఆమెకే నష్టం. అయినా ఆగింది. ఎందుకు? ఆ చెరువు ఎవరిదో ఆమెకి తెలుసు. దాని మీద ఎంత అప్పుందో కూడా తెలుసు. రేపు రొయ్య తేలిపోతే ఆ ఊళ్లో తలెత్తుకు తిరగలేనని తెలుసు.

ఇప్పుడు డ్రోన్ వ్యాపారం ఏ దారిన పోతోందో చూస్తే, అది ముందుగా తీసేయాలనుకునేది ఆ గట్టు మీద నిలబడ్డ మనిషినే. నిన్న ఆమె చేతిలో రిమోట్ పెట్టి ఫొటోలు తీయించుకున్నారు. రేపు రిమోటే అక్కర్లేదంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న!

చెప్పిందేమిటి?

కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం తెలిపింది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు, రూ.1,261 కోట్ల ఖర్చు. డ్రోన్ ధరలో 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల సబ్సిడీ. మిగిలింది సంఘం అప్పుగా తెచ్చుకోవాలి. సంఘంలో ఒక మహిళకు 15 రోజుల శిక్షణ. ఏడాదికి కనీసం లక్ష రూపాయల అదనపు ఆదాయం వస్తుందని చెప్పారు.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సు పెట్టారు. తర్వాత డ్రోన్ విధానం తెచ్చి 40,000 ఉద్యోగాలన్నారు. ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అన్నారు. మంచిదే. మన పిల్లలకి పని దొరుకుతుందంటే కాదనేవాళ్లం కాదు.

కానీ ఆ సదస్సు రోజు రాత్రి విజయవాడ పున్నమి ఘాట్‌లో ఆకాశంలో ఏం చూపించారో గుర్తు తెచ్చుకోండి. 5,500 డ్రోన్లు ఒక్కసారిగా లేచి బొమ్మలు గీశాయి. గిన్నిస్ రికార్డులని చప్పట్లు కొట్టారు. ఆ 5,500 డ్రోన్లకీ 5,500 మంది పైలట్లున్నారా? లేరు. ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ప్రకారం, కింద కూర్చున్న కొద్దిమంది నడిపారు. పైలట్ల కొలువులు వస్తాయని చెప్పిన సభ ముగిసిన పూటే, పైలట్ లేకుండా ఎలా ఎగురుతాయో మన కళ్లముందు చూపించారు. మనం బొమ్మలు చూశాం. వ్యాపారులు లెక్క చూసుకున్నారు.

ఇది దూరాన ఉన్న ముప్పు కాదు. ఈరోజు మన పొలాల్లో తిరిగే డ్రోన్లు కూడా సగం పని సొంతంగానే చేస్తున్నాయి. చేను హద్దులు ఒకసారి గుర్తు పెడితే సాళ్లు అవే వేసుకుంటాయి, ఎత్తు అవే చూసుకుంటాయి, మందు అయిపోతే వెనక్కి అవే వస్తాయి. అమెరికాలో 2024లోనే ఒకే పైలట్ మూడు భారీ స్ప్రే డ్రోన్లను ఒకేసారి ఎగరేసేందుకు టెక్సాస్ కంపెనీ ఒకదానికి అక్కడి విమానయాన శాఖ అనుమతిచ్చింది. ముగ్గురి పని ఒక్కరికి వచ్చింది. ఆ ఒక్కరూ ఎక్కడో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే రోజు ఎంత దూరం?

మన దేశంలో స్ప్రే డ్రోన్ ఎగరేయాలంటే నేటికీ శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్న పైలట్ ఉండాలి. 2021 ఆగస్టు డ్రోన్ నిబంధనలు అదే చెబుతున్నాయి. ఆ నిబంధనలే అంతకుముందు మార్చిలో తెచ్చిన కట్టుబాట్లను సడలించి రాసినవి. 2022 ఫిబ్రవరిలో మళ్లీ సవరించారు. సడలించడం అలవాటైన చేతికి ఆ ఒక్క వాక్యం కొట్టేయడం ఎంతసేపు?

ఇది టెక్సాస్ కాదు, కోనసీమ

వందల ఎకరాలు ఒకే చెక్కగా ఉన్నచోట యంత్రాన్ని వదిలేస్తే వదిలేయొచ్చు. మన చేలు అలాంటివా? ఎకరం, అరెకరం కమతాలు. గట్టుకి కొబ్బరిచెట్లు, చెట్ల మధ్య వేలాడే కరెంటు తీగలు. పక్కన చేపల చెరువో రొయ్యల చెరువో. నాలుగడుగులు వేస్తే తాగునీటి కాలవ. ఆ పక్కనే పశువులు, బడికెళ్లే పిల్లలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎటు చూసినా ఇదే.

ఇక మందు సంగతి. సుడిదోమ వరి మొదట్లో, నీళ్ల దగ్గర ఉంటుంది. పైనుంచి కొట్టిన మందు దుబ్బు మొదట్లోకి దిగిందా లేదా అనేది వంగి చూసిన మనిషికే తెలుస్తుంది. చేతిపంపుతో ఎకరానికి 150, 200 లీటర్ల నీళ్లు వాడేచోట డ్రోన్ పది లీటర్లతో సరిపెడుతుంది. అంటే మందు బాగా చిక్కగా ఉంటుంది. అది పక్కకి పోతే నష్టమూ అంత చిక్కగానే ఉంటుంది.

కొబ్బరి సంగతి ఇంకా వేరు. రూగోస్ తెల్లదోమ ఆకు అడుగున ఉంటుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నదేమిటి? మిత్ర పురుగులను పెంచి వదలండి, విచ్చలవిడిగా రసాయనాలు కొట్టి వాటిని చంపుకోకండి అనే. ఇన్ని ఎకరాలకి ఇంత అని లెక్కగట్టి గాల్లోకి లేచే యంత్రానికి మిత్ర పురుగేదో శత్రు పురుగేదో ఏం పట్టింది?

అసలు మాట ఇదే. నమో డ్రోన్ దీదీ తొలి ఏడాదిలో డ్రోన్లు పంచింది ఎవరు? ఎరువుల కంపెనీలు. మందులూ ఎరువులూ అమ్ముకునేవాడి చేతిలోనే డ్రోనూ, దాని షెడ్యూలూ ఉంటే "ఈ వారం కొట్టక్కర్లేదు" అని ఎవరు చెబుతారు? గట్టు మీదున్న ఊరి మనిషి చెబుతుంది. "బాబాయ్, పురుగు అంత లేదు, డబ్బు దండగ" అంటుంది. ఆ మాట చెప్పే గొంతు లేకుండా చేయడం కంపెనీకి లాభం, మనకి నష్టం.

నష్టపోతే ఎవరిని పట్టుకోవాలి?

ఇవాళ పక్క చేనుకి మందు పడితే పైలట్ పేరు తెలుసు, ఊరు తెలుసు. పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి మాట్లాడుకుంటాం. రేపు ఎవరూ లేని డ్రోన్ వచ్చి చెరువు పాడుచేస్తే? డ్రోన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ వాళ్లని చూపిస్తుంది. వాళ్లు మ్యాప్ తప్పంటారు. మ్యాప్ చేసినవాళ్లు రైతు చూపించిన హద్దే తప్పంటారు. చివరికి తప్పు తిరిగి తిరిగి మన గట్టు మీదకే వస్తుంది.

కౌలు రైతుల సంగతి ఆలోచించండి. కోనసీమలో సాగు చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చినా, భూయజమాని సంతకం లేక కార్డు అందనివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. సర్వే నంబరు కొట్టి ఫోన్లో బుక్ చేసుకుంటేనే డ్రోన్ వచ్చే పద్ధతి పెడితే, రికార్డులో పేరు లేని రైతు ఎక్కడికి పోవాలి? ఊరి పైలట్ అయితే ముఖం చూసి వస్తుంది. యంత్రం రికార్డు చూసి వస్తుంది.

అద్దె మాటేమిటి? కోత మిషన్లు వచ్చిన కొత్తలో కూలీ కంటే చవకన్నారు. నిజమే. కూలీలు ఆ పని మానేశాక, పండిన చేను తుపానుకి పడిపోయిన రోజుల్లో చైన్ మిషన్ గంటకి ఎంతడిగితే అంత ఇచ్చుకుంటున్నాం. వేరే దారి లేకపోతే ధర చెప్పేది అవతలివాడే. ఊళ్లో పదిమంది పైలట్లుంటే బేరం ఉంటుంది. ఒక్క కంపెనీయే ఉంటే బిల్లు ఉంటుంది.

"కూలీలు దొరకడం లేదు కదా" అంటారు

ఈ మాట అనేవాళ్లందరూ శత్రువులు కాదు. మన రైతులే అంటున్నారు. నిజమే, అదనుకి మనుషులు దొరకడం లేదు. మన ఆడబిడ్డలూ మగపిల్లలూ కువైట్, దుబాయ్, ఖతర్‌లలో ఉన్నారు. వీపున డబ్బా మోసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని మందు కొట్టే పని మంచిదని మనం ఏనాడూ అనలేదు. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్‌లో పురుగుమందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. మనిషిని విషానికి దూరం జరిపే యంత్రం వస్తే స్వాగతించాల్సిందే. మన సంఘం డ్రోన్‌కి వ్యతిరేకం కాదు.

కానీ ఊళ్లో చేసే పని ఎందుకు లేకుండా పోయిందో కూడా అడగాలి. ఏడాది పొడుగునా గౌరవంగా బతికే పని ఉంటే రాజోలు నుంచి గల్ఫ్‌కి విమానం ఎక్కాల్సిన అవసరం ఏమిటి? డ్రోన్ పైలట్ ఉద్యోగం అలాంటి పని. నీడన కూర్చుని చేసేది కాదుగానీ, నేర్పున్న పని. ఊళ్లో ఉండి చేసుకునే పని. పది చదివిన అమ్మాయికి దొరికే పని. అప్పు చేయించి, శిక్షణ ఇచ్చి, ఒక పని చేతికిచ్చి, అది కుదురుకోకముందే లాక్కోవడం ఏం న్యాయం? డ్రోన్ పాతబడినా, పని తగ్గినా, బ్యాంకు వాయిదా ఆగదు కదా!

2011లో కోనసీమ రైతు పంట విరామం ప్రకటిస్తే దేశమంతా ఇటు చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ రోజు మనం అడిగింది గిట్టుబాటు ధర, మురుగు కాలవల బాగు, సాగు ఖర్చుకి తగ్గ ఆసరా. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో సార్వా మానేసినప్పుడూ అవే అడిగాం. ముంపు నీళ్లు దిగని చేలో డ్రోన్ ఎగిరితే ఏం, ఎగరకపోతే ఏం? డ్రెయిన్ల పూడిక తీయడానికి లేని డబ్బు ఆకాశంలో బొమ్మలకి ఎక్కడిది?

జపాన్‌ని చూపిస్తారు. అక్కడ 1980ల చివరి నుంచే మనిషి ఎక్కని చిన్న హెలికాప్టర్లతో వరికి మందు కొడుతున్నారు. ముసలివాళ్లే మిగిలిన పల్లెలవి. అక్కడ పనికి చేతుల్లేవు. ఇక్కడ చేతులకి పని లేదు. ఆ తేడా తెలియనివాళ్లు విధానాలు రాస్తే ఇలాగే ఉంటుంది.

మన డిమాండ్లు

2025 సెప్టెంబరులో కేంద్రం సివిల్ డ్రోన్ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. కాబట్టి అడగాల్సింది ఇప్పుడే.

1. పురుగుమందు కొట్టే ఏ డ్రోన్‌కైనా, అది ఎంత తెలివైనదైనా, చేను గట్టు మీద సర్టిఫికెట్ ఉన్న పైలట్ ఉండి తీరాలి. ఆపేసే అధికారం ఆ పైలట్ చేతిలోనే ఉండాలి. ఈ మాట చట్టంలోనే రాయాలి.

2. డ్రోన్లు మహిళా సంఘాల, సహకార సంఘాల, రైతు గ్రూపుల సొంతంగా ఉండాలి. సబ్సిడీ సొమ్ము కంపెనీల అద్దె వ్యాపారానికి పోకూడదు.

3. పైలట్‌కి ఎకరం లెక్కతో పాటు రోజుకి కనీస భత్యం ఇవ్వాలి. గాలికి ఆగిన గంట కూడా పనిగంటే. ఆగినందుకు నష్టపోయే పద్ధతి ఉంటే రేపు ఎవరూ ఆగరు.

4. పక్క చేనుకి, చెరువుకి, పశువుకి నష్టం జరిగితే డ్రోన్ యజమాని, కంపెనీ బాధ్యత వహించాలి. ఆ పరిహారానికి బీమా తప్పనిసరి చేయాలి.

5. ఇప్పుడు తైవాన్ స్ప్రేయర్‌తో మందు కొట్టి బతుకుతున్న కూలీలకే ముందు శిక్షణ ఇవ్వాలి. మరమ్మతులు, బ్యాటరీలు మండల కేంద్రంలోనే దొరకాలి.

6. మన చేను మ్యాపులు, పంట వివరాలు మన అనుమతి లేకుండా ఏ కంపెనీకీ అమ్మకూడదు. కౌలు రైతుకి రికార్డుతో పనిలేకుండా సేవ అందాలి.

మిత్రులారా! పైలట్ల సంగతి మనకెందుకు అనుకోవద్దు. ఈరోజు రిమోట్ పట్టుకున్న చెయ్యి పోతే, రేపు నాగలి పట్టిన చెయ్యి మాత్రం ఎందుకంటారు. విత్తనం వాళ్లది, మందు వాళ్లది, యంత్రం వాళ్లది, లెక్క వాళ్లది అయ్యాక మనకి మిగిలేది అప్పే.

ప్రతి గ్రామ కమిటీ ఈ డిమాండ్ల మీద తీర్మానం చేయాలి. మీ ఊళ్లో డ్రోన్ నడిపే ఆడబిడ్డల్ని, కుర్రాళ్లని సంఘంలో చేర్పించండి. రైతు సేవా కేంద్రంలో వినతిపత్రం ఇవ్వండి. సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి కలిసి వెళదాం.

ఆ రోజు మా చేలో గాలి తగ్గాక ఆ అమ్మాయి లేచి, గుప్పెడు ధూళి తీసి గాల్లోకి వదిలి చూసుకుని, అప్పుడు డ్రోన్ లేపింది. చెరువుకి చుక్క పడలేదు. చేలో అలాంటి మనిషి ఉండాలని అడుగుతున్నాం. అంతకంటే తక్కువకి ఒప్పుకునేది లేదు.