వీగన్ ఫలకమూ, ఆహారశుద్ధీ

విదేశయాత్రలు చేసే ఆస్తికులలో ఇటీవల ఒక కొత్త ధీమా ప్రబలుతున్నది. బెర్లిన్‌లోనో లండన్‌లోనో భోజనశాల ద్వారంపై ‘వీగన్’ అన్న ఫలకం కనబడితే చాలు, ఇక అడగవలసినదేమీ లేదని వారు భావిస్తున్నారు. వీగన్ భోజనం శాకాహారం కంటె ఒక మెట్టు పైదనీ, కనుక సాత్త్వికమేననీ వారి వాదం. ఈ వాదం శాస్త్రదృష్టికి నిలువదు.

‘వీగన్’ అనే పదం 1944లో ఇంగ్లండులో పుట్టినది. పాలు, గ్రుడ్లు కూడ విడిచిన శాకాహారులు డొనాల్డ్ వాట్సన్ ప్రభృతుల పూనికతో సంఘంగా ఏర్పడి ఆ పేరు పెట్టుకున్నారు. ఈ భోజనం వలన ఏ ప్రాణికి హింస కలిగినది అన్నది వారి ప్రశ్న. అది ఉదాత్తమైన ప్రశ్నయే. ఛాందోగ్యోపనిషత్తులో సనత్కుమారుడు నారదునికి చేసిన ఉపదేశం ఆహారశుద్ధిని సత్త్వశుద్ధితో ముడివేసినది. అక్కడి విచారణ వేరు: ఈ అన్నం భోక్త అంతఃకరణాన్ని ఏమి చేస్తుంది? శ్రీభాష్యంలో భగవద్రామానుజులు వివేకాన్ని నిరూపిస్తూ జాతి, ఆశ్రయ, నిమిత్త దోషాలు లేని అన్నాన్ని విధించారు. పదార్థ స్వభావం వలన కలిగేది జాతిదోషం. అది ఎవరి నుండి వచ్చినదో దానివలన కలిగేది ఆశ్రయదోషం. ఎంగిలి మొదలైన స్పర్శ వలన కలిగేది నిమిత్తదోషం. వీగన్ ఫలకం చెప్పగలిగినది మొదటిదానిలో ఒక భాగం మాత్రమే.

ఆ భాగమైనా పూర్తిగా చెబుతున్నదా? వెల్లుల్లి, ఉల్లి, పుట్టగొడుగులు ద్విజులకు అభక్ష్యాలని మనుస్మృతి పంచమాధ్యాయం. వీగన్ వంటశాలలలో అవి నిత్యద్రవ్యాలు. మాంసం ఉండే చోట పుట్టగొడుగును నిలుపుతారు. సోయాతో, గోధుమసారంతో మాంసపు రూపం, రుచి, పేరు తెచ్చిన వంటకాలూ వడ్డిస్తారు. మాంసభావనను రేపే ఇట్టి అన్నాన్ని భావదుష్టమనడమే యుక్తం. మరోవైపు, పంచామృతానికి చేరే పాలు, పెరుగు, నెయ్యి, తేనె అక్కడ నిషిద్ధాలు. సాధకునికి వర్జ్యమైనది అక్కడ గ్రాహ్యం, దేవునికి అర్హమైనది అక్కడ వర్జ్యం. ఈ రెండింటినీ ఒక్కటిగా ఎంచడం వివేకం కాదు.

ఈ భేదం లోకానికి తెలియనిదీ కాదు. విమానయాన సంస్థల భోజన సంకేతాలలో వీగన్ భోజనం వేరు, హిందూ శాకాహారం వేరు, కందమూలాలు లేని జైన భోజనం వేరు. తైవాన్‌లో ప్యాకెట్ ఆహారంపై శుద్ధ శాకాహారాన్ని, ఉల్లి-వెల్లుల్లి జాతి ఘాటు శాకాలు కలిసిన శాకాహారాన్ని వేరువేరుగా ముద్రిస్తారు. అక్కడి బౌద్ధులు పాటించే భేదాన్ని మన ఆస్తికుడు మరచిపోవడం విచారకరం.

“యాత్ర ఆపత్కాలం కదా, ఆపద్ధర్మం చాలదా?” అని పూర్వపక్షం. ఆపద్ధర్మానికి ఛాందోగ్యమే కొలత చూపినది. కురుదేశంలో పంటలు నశించి కరవు వచ్చినప్పుడు ఉషస్తి చాక్రాయణుడు మావటివాని ఎంగిలి మినుములను యాచించి తిన్నాడు. ఆ వెంటనే అతడు ఇవ్వబోయిన నీటిని మాత్రం ఎంగిలి అని తిరస్కరించాడు. మినుములు లేనిదే ప్రాణం నిలువదు; నీరు మరోచోట లభిస్తుంది. ప్రాణసంకటంలో సర్వాన్నానుమతి అన్న బ్రహ్మసూత్ర సిద్ధాంతానికి ఇదే ఆధారం. పండ్ల అంగడి నాలుగడుగుల దూరంలో ఉండగా, సంచిలో అటుకులుండగా, ఆపద ఎక్కడిది?

అట్లని వీగనులను పరిహసించే అధికారం కూడ మన ఆస్తికునికి లేదు. జున్ను గడ్డకట్టడానికి దూడ కడుపులోని ద్రవ్యం వాడతారనీ, మిఠాయిలలో జంతువుల ఎముకల నుండి, చర్మం నుండి తీసిన జెలటిన్ ఉంటుందనీ విచారించి విడిచినవారు వారు. పుట్టిన దూడను తల్లి నుండి వేరుచేసి పిండిన పాలను నిశ్చింతగా త్రాగుతూ గోమాతకు జై అనేవాడు ముందు వారి ప్రశ్నకు సమాధానం చెప్పాలి. ఆ పాలు నైవేద్యానికి అర్హమా? ఈ విచారణ చేయని క్షీరాభిమానం కూడ అలసత్వమే.

కాబట్టి వీగన్ భోజనశాల త్యాజ్యమని సిద్ధాంతం కాదు. గ్రుడ్డు, చేపరసం, జంతువుల కొవ్వు తెలియకుండ కలిసే దేశాలలో అది పెద్ద ఆసరా. ఆ ఫలకాన్ని విచారణకు ఆరంభంగా గ్రహించాలి. ఉల్లి, వెల్లుల్లి, పుట్టగొడుగులు లేకుండ, అప్పటికప్పుడు వండి పెట్టగలరా అని వినయంగా అడగాలి. వీలుకాదంటే ఆ పూట పండ్లతో గడపాలి. లభించినదానిని మనసా భగవంతునికి నివేదించి భుజించాలి. నివేదించడానికి మనసు వెనుకాడితే, ఆ పళ్ళెం ఏ ఫలకం క్రింద వచ్చినా దానిని ముట్టకూడదు.

స్వస్తి.