నాన్న చూపించిన ఆట

అమీర్‌పేట గల్లీల్లో అందరిదీ క్రికెట్టే. మా ఇంట్లో మాత్రం ఆటంటే ఫుట్‌బాల్. పంజగుట్టలో బస్సెక్కించి నాన్న నన్ను లాల్‌బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లేవారు. పల్లీల పొట్లం నా చేతిలో, రహీం సాబ్ ముచ్చట్లు ఆయన నోట. 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం కొట్టిన భారత జట్టుకూ కోచ్ ఆయనే, సయ్యద్ అబ్దుల్ రహీం. ఇక సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం పేరెత్తితే నాన్న గొంతే మారిపోయేది. నేను కళ్లారా చూడని ఆ ఆటగాళ్లే నన్ను జీవితాంతం ఈ ఆటకు కట్టేశారు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన రాత్రి నాకు కునుకు పట్టలేదు.

ఈ సంచిక మన నగర ఫుట్‌బాల్‌కే. మీ ఇళ్లలో పాత ఫొటోలు, టికెట్ ముక్కలు ఉంటే పారేయకండి, మాకు పంపండి.