లోపాలు కూడా సరిహద్దులు దాటుతాయి

ఇది ప్రజలకు హెచ్చరిక. రాష్ట్రాల పాలకులు ఒకచోట చేరి ‘మా దగ్గర ఇలా చేశాం, మీరూ చేసి చూడండి’ అని చెప్పుకునే సభలకు ఇప్పుడు కొదవలేదు. నీతి ఆయోగ్ పాలక మండలిలో ముఖ్యమంత్రులు కూర్చుంటారు. 2022 జూన్‌లో ధర్మశాలలో మొదలైన జాతీయ సదస్సులో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులు కూర్చుంటారు. ఇవి కాక మంత్రుల అధ్యయన బృందాలు ఎప్పుడూ ఏదో ఒక రాష్ట్రానికి బయలుదేరుతూనే ఉంటాయి. అక్కడ తెర మీద వేసి చూపిన నాలుగు స్లైడ్లు నెలలు తిరక్కుండానే మన పొలం గట్టు మీదికి, మన ఊరి బస్సులోకి, మన పిల్లల ఉద్యోగ దరఖాస్తుల్లోకి వచ్చేస్తున్నాయి. పథకం పేరు వస్తోంది, ఫొటో వస్తోంది, ప్రారంభ సభ వస్తోంది. పుట్టినచోట అది ఎక్కడ తడబడిందో చెప్పే కాగితం మాత్రం రావడం లేదు. ఆ కాగితం ఇప్పుడే, పథకం గడప దాటి లోపలికి రాకముందే అడగాలి.

భూమి హక్కు చట్టం సంగతే చూడండి. భూమి ఎవరిదో ప్రభుత్వమే తేల్చి పూచీ పడే పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైంది. అక్కడి నుంచి ఎన్నో దేశాలు తిరిగి మన దాకా వచ్చింది. 2020లో నీతి ఆయోగ్ రాష్ట్రాల కోసం ఒక నమూనా చట్టం తయారుచేసింది. అప్పటికే ఆ దారిలో ఉన్న ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆలోచన చెడ్డదని అనలేం. దొంగ రిజిస్ట్రేషన్లతో, తరాల తరబడి సాగే కోర్టు వ్యాజ్యాలతో విసిగిపోయిన రైతుకు అలాంటి పూచీ కావాలి కూడా. కానీ సర్వే రాళ్లు సరిగా పడని, తాత పేరు మీదున్న భూమి మనవడికి ఇంకా మారని పల్లెల్లో, సివిల్ కోర్టును పక్కకు నెట్టి ఒక అధికారి చేతిలో హక్కు నిర్ణయం పెడితే ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే చట్టం వచ్చింది. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. రచ్చబండ దగ్గర నిజాలూ పుకార్లూ కలిసిపోయాయి. 2024 ఎన్నికల ప్రచారం సగం దాని చుట్టూనే తిరిగింది. ఆ జూలైలో కొత్త శాసనసభ దాన్ని రద్దు చేస్తూ బిల్లు ఆమోదించింది. చివరికి రైతుకు పూచీ దక్కలేదు, ఉన్న వ్యవస్థ మీద నమ్మకమూ పోయింది.

ఇంతకంటే నిశ్శబ్దంగా నష్టం చేసింది మరొకటి ఉంది. దాని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అది విజయగాథగా పేరు తెచ్చుకుంది.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టింది. ఎకరానికి పంటకు 4 వేల రూపాయలు, దరఖాస్తు లేదు, దళారీ లేడు. దేశమంతా అటు తిరిగి చూసింది, చూడదగ్గదే. అదే ఏడాది డిసెంబరులో ఒడిశా ‘కాలియా’ పథకాన్ని ఆమోదించింది. 2019 ఫిబ్రవరి 1న కేంద్రం తాత్కాలిక బడ్జెట్‌లో పీఎం కిసాన్ ప్రకటించి, 24వ తేదీన గోరఖ్‌పూర్‌లో డబ్బు వేయడం మొదలుపెట్టింది. హుజూరాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కు తొమ్మిది నెలలు. ఒక రాష్ట్రపు ఆలోచన ఇంత వేగంగా దేశ పథకమైన సందర్భాలు అరుదు.

అయితే రైతుబంధులో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. డబ్బు పట్టాదారుకు వెళ్లేది. దుక్కి దున్ని, అప్పు తెచ్చి, పురుగుమందు కొట్టే కౌలు రైతుకు వచ్చేది కాదు. ఎకరాలకు పరిమితి లేదు కాబట్టి నగరంలో కూర్చున్న పెద్ద భూస్వామి ఖాతాకూ చేరింది. ఇది రహస్యమేమీ కాదు, మొదటి సీజన్‌లోనే రైతు సంఘాలు మొత్తుకున్నాయి. ఒడిశా ఆ గోడు విన్నట్టుంది: కౌలుదార్లనూ భూమిలేని కుటుంబాలనూ లెక్కలోకి తీసుకుంది. అంటే కేంద్రం ముందు అప్పటికి రెండు నమూనాలున్నాయి, ఒకటి లోపంతో, ఒకటి దిద్దుబాటుతో. కేంద్రం లోపాన్నే ఎంచుకుంది. ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో, భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు. మొదట ఐదెకరాల హద్దు పెట్టింది, 2019 ఎన్నికలు ముగియగానే దాన్నీ ఎత్తేసింది.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ వంతు వచ్చింది. 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు చోటిచ్చారు. మంచిదే. కానీ కౌలుదారుకు సాగు హక్కు పత్రం కావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే ఎక్కడ భూమి మీద హక్కు పుట్టుకొస్తుందోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వడేమోనని కౌలుదారు భయం. గోదావరి డెల్టాలో కౌలు సాగు ఎంత ఎక్కువో అందరికీ తెలుసు, పత్రం చేతికొచ్చినవాళ్లు ఎంత తక్కువో ఆ ఊళ్లలో అడిగితే చెబుతారు. సాగు చేసేదొకరు, సాయం అందుకునేదొకరు అనే ఆ పాత తప్పు ఇలా హుజూరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, దేశమంతా పరుచుకుంది. ఏ సదస్సులోనైనా రైతుబంధు మీద ప్రజెంటేషన్ ఇచ్చిన అధికారి చివరి స్లైడులో ‘మేం కౌలు రైతును వదిలేశాం, మీరు వదలకండి’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఎన్ని లక్షల కుటుంబాల లెక్క మారేదో!

అలా రాయరు. సొంత ముఖ్యమంత్రి ముందు వరుసలో కూర్చున్నప్పుడు ఏ అధికారి అలా రాస్తాడు?

ఆవేశంలో పుట్టిన చట్టాలదీ ఇదే వరస. 2019 నవంబరు 27న హైదరాబాద్ శివార్లలో ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం దేశాన్ని కుదిపింది. పదహారు రోజులకే, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు అన్నారు. ఫోరెన్సిక్ ల్యాబుల్లో సిబ్బంది ఎంతమంది, ప్రత్యేక కోర్టులకు న్యాయమూర్తులు ఎక్కడి నుంచి వస్తారు అని అడిగినవాళ్లను ఆ రోజుల్లో అనుమానంగా చూశారు. 2020 ఫిబ్రవరిలో మహారాష్ట్ర హోంమంత్రి స్వయంగా వచ్చి దిశను అధ్యయనం చేసి వెళ్లారు. గమనించండి, అప్పటికి ఆ బిల్లు చట్టమే కాలేదు, దాని కింద ఒక్క తీర్పూ రాలేదు. అధ్యయనం చేయడానికి అక్కడ ఉన్నది సంకల్పం, బోర్డులు కట్టిన పోలీస్ స్టేషన్లు. అయినా మహారాష్ట్ర శాసనసభ 2021 డిసెంబరులో ‘శక్తి’ బిల్లు ఆమోదించింది. రెండు బిల్లులూ రాష్ట్రపతి ఆమోదం దగ్గరే ఆగిపోయాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని నవ్వుతాం కానీ, ఇక్కడ పులికే ఇంకా చారలు పడలేదు.

స్థానికులకు 75 శాతం ఉద్యోగాల కథ ఇంకా చిన్నది. 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది, 2020లో హరియాణా, 2021లో ఝార్ఖండ్ అదే బాట పట్టాయి. 2023 నవంబరు 17న పంజాబ్, హరియాణా హైకోర్టు హరియాణా చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ తర్వాత ఎనిమిది నెలలకు కర్ణాటక మంత్రివర్గం అలాంటి బిల్లుకే ఆమోదం తెలిపి, గోల లేచాక పక్కన పెట్టింది. హైకోర్టు తీర్పు బెంగళూరు చేరడానికి ఎనిమిది నెలలు చాలలేదా?

మద్యనిషేధం కాలం నుంచీ ఇదే తంతు. దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన పోరాటం ఫలితంగా 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ నిషేధం వచ్చింది. దొంగ సారా, ఖజానాకు గండి కళ్లముందు కనిపిస్తున్న 1996లోనే హరియాణా అదే పని చేసింది. 1997లో మనం సడలించాం, 1998లో వాళ్లు ఎత్తేశారు.

ఇలా చెబుతుంటే, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవద్దంటారా అని ఎవరైనా అడగవచ్చు. నేర్చుకోమనే అంటున్నాం. 1972 కరువులో మహారాష్ట్ర మొదలుపెట్టిన ఉపాధి హామీ 1977లో చట్టమైంది. దాని లెక్కల పుస్తకాలు, కూలీల ఫిర్యాదులు, మస్టర్ రోల్ మోసాలు ఏళ్ల తరబడి జనం ముందు చర్చకు వచ్చాక, 2005లో పార్లమెంటు దేశానికంతా చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ చట్టంలోనే సామాజిక తనిఖీ పెట్టారంటే, పాత తప్పులను ఎవరో కూర్చుని చదివారన్నమాట. మరీ అన్నేళ్లు ఆగమని కాదు, చదవమని మాత్రమే.

చదివి చేయడానికీ చదవకుండా చేయడానికీ ఉన్న తేడా ఆడవాళ్లకు ఉచిత బస్సు విషయంలో మన కళ్లముందే కనిపించింది. ఢిల్లీ 2019లో, తమిళనాడు 2021లో, కర్ణాటక 2023 జూన్‌లో మొదలుపెట్టాయి. తెలంగాణలో కొత్త ప్రభుత్వం 2023 డిసెంబరు 7న ప్రమాణం చేసి, 9నే బస్సులు ఉచితం చేసింది. రెండు రోజుల్లో కొత్త బస్సులు రావు కదా. ఫుట్‌బోర్డు మీద వేలాడిన ప్రయాణికులు, గిరాకీ పోయి రోడ్డెక్కిన ఆటో డ్రైవర్లు ఆ తొందరకు మూల్యం చెల్లించారు. ఆంధ్రప్రదేశ్ మంత్రుల బృందాన్ని వేసి, పొరుగు రాష్ట్రాల అనుభవం చూసి, 2025 ఆగస్టు 15న మొదలుపెట్టింది. రెండు నెలలు తిరక్కుండా ఆటో డ్రైవర్లకు 15 వేల చొప్పున ఇచ్చింది. ఏడాదికి పైగా ఆలస్యం చేశారని తిట్టినవాళ్లలో పత్రికలూ ఉన్నాయి. ఆ ఆలస్యంలో కొంత రాజకీయమూ ఉండవచ్చు. కానీ పక్కవాడి దెబ్బ చూసి జాగ్రత్త పడటం ఎలా ఉంటుందో చూపించడానికి ఈమధ్య దొరికిన ఉదాహరణ అదొక్కటే.

మరి అసలు సభల్లో ఏం జరుగుతోంది? వాదించుకోవడానికి వీల్లేని చోట తప్పులు బయటపడవు. 2012 డిసెంబరులో జాతీయాభివృద్ధి మండలి సమావేశంలో పది నిమిషాలు కాగానే గంట కొట్టారని అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత లేచి వెళ్లిపోయారు. 2024 జూలైలో నీతి ఆయోగ్ సమావేశంలో తన మైకు ఆపేశారని పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా వెళ్లిన మమతా బెనర్జీ బయటకు వచ్చేశారు. కేంద్రం కాదంది. ఎవరి మాట నిజమైనా, పార్టీలు మారినా, ఒక ముఖ్యమంత్రికి దక్కేది నిమిషాల లెక్కే. రాజ్యాంగం 263వ అధికరణం కింద 1990లో ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి పదో సమావేశం 2006లో జరిగితే, పదకొండోది 2016 జూలైలో జరిగింది. గట్టిగా మాట్లాడుకోవాల్సిన చోట పదేళ్ల విరామం. సన్మానాలు చేసుకునే చోట ఏటా హడావుడి.

కాబట్టి ప్రభుత్వాలకు మా డిమాండ్ ఒక్కటే. మరో రాష్ట్రం నుంచి పథకమో చట్టమో తెచ్చేటప్పుడు, అక్కడ ఎవరు తప్పిపోయారు, ఎంత ఖర్చయింది, కోర్టులు ఏమన్నాయి, కాగ్ ఏం రాసింది అనే నాలుగు విషయాలతో ఒక నివేదిక తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం చూసేలా ఉంచాలి. కేంద్రం తన చట్టాల కోసం 2014లోనే ఈ 30 రోజుల పద్ధతి పెట్టుకుంది, పాటించిందా లేదా అన్నది వేరే పురాణం. మన రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ దాన్ని నిబంధనగా మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రభుత్వం చేసేదాకా మీరు ఆగకండి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానం తయారుచేసేటప్పుడే అందుకు సంబంధించిన విషయాలన్నీ ప్రభుత్వం తనంతట తానే ప్రకటించాలి. ప్రకటించకపోతే అడగండి. సచివాలయ శాఖకు పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. ‘ఫలానా రాష్ట్రానికి వెళ్లిన అధ్యయన బృందం నివేదిక ప్రతి, అందులో రాసిన లోపాలు, వాటి మీద శాఖ తీసుకున్న నిర్ణయం’ అని మూడు ముక్కలు రాస్తే చాలు. కౌలు రైతు సంఘాలు, ఆటో యూనియన్లు, బార్ అసోసియేషన్లు, మహిళా సంఘాలు ఈ పని ఇంకా తేలిగ్గా చేయగలవు.

జవాబుకు 30 రోజుల గడువుంది. మన దగ్గర బిల్లులు అంతకంటే వేగంగా గట్టెక్కుతున్నాయని దిశ విషయంలో చూశాం. అందుకే బిల్లు సభలోకి వచ్చాక కాదు, మంత్రుల బృందం ఫలానా రాష్ట్రానికి బయలుదేరిందని పేపర్లో చదివిన రోజే దరఖాస్తు పోస్టు చేయండి. నివేదిక లేదని జవాబు వస్తే, ఆ జవాబు నకలు మీ శాసనసభ్యుడికి ఇచ్చి, ఏం చూసి ఓటేయబోతున్నారో అడగండి.