తాళం పడిన మరుగుదొడ్డి - లెక్క అడగని గ్రామం

ప్రభుత్వ ఆసుపత్రిలో మరుగుదొడ్డి కట్టించడం ఒక్కనాటి పని. దానిని శుభ్రంగా నిలుపుకోవడం నిత్యకృత్యం. మొదటిదానికి శిలాఫలకం ఉంటుంది, రెండవదానికి ఉండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పారిశుద్ధ్య సమస్యకు మూలం ఈ తేడాలోనే ఉంది.

మోటారు చెడిపోతే నీరు రాదు. నీరు లేకపోతే శుభ్రపరిచే మనిషి ఉన్నా ప్రయోజనం ఉండదు. గుంట నిండితే తలుపుకు తాళం పడుతుంది. ఆ తాళం వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయేది బాలింత. ప్రసవానంతరం కనీసం 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలన్నది వైద్యశాఖ నియమం. అధిక రక్తస్రావం వంటి ప్రమాదాలను కనిపెట్టవలసిన కాలమది. కాలకృత్యాలకు చోటు లేనప్పుడు ఏ తల్లి రెండు రోజులు అక్కడ ఉండగలదు? తొందరపడి ఇంటికి తీసుకుపోయిన కుటుంబాన్ని తప్పుపట్టడం న్యాయమా?

నిధులు లేవన్న సమాధానం పూర్తి సత్యం కాదు. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తొలి ఏళ్లలోనే ఒక్కో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏటా నిర్వహణకు 50 వేలు, స్థానిక అవసరాలకు 25 వేలు, రోగుల సంక్షేమ సమితికి లక్ష రూపాయలు చొప్పున నిర్ణయించింది. తరువాత నిధుల పద్ధతి మారినా సమితి బాధ్యత మారలేదు. 2015లో వచ్చిన కాయకల్ప పథకం పరిశుభ్రతలో 70 శాతం మార్కులు దాటిన కేంద్రాలకు ప్రోత్సాహక నగదు కూడా ఏర్పాటు చేసింది.

ఈ సమితిని కర్ణాటకలో ఆరోగ్య రక్షా సమితి అనీ, ఒడిశాలో రోగి కళ్యాణ సమితి అనీ, మహారాష్ట్రలో రుగ్ణ కల్యాణ సమితి అనీ అంటారు. పంచాయతీ ప్రతినిధులకూ అందులో స్థానం ఉంది. మనం ఓటు వేసి గెలిపించినవారిని అడిగే హక్కు మనకున్నది.

అయితే సరిహద్దు తెలుగువారికి భాష అడ్డువస్తున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తు హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ, ఆ ప్రాంత అధికార భాషలో గానీ ఉండాలి. పావగడలో కన్నడం, సిరొంచలో మరాఠీ అవసరమవుతాయి. కానీ రాయలేనివారు నోటితో చెబితే దానిని కాగితంపై పెట్టడానికి సాయపడే బాధ్యత సమాచార అధికారిదేనని అదే చట్టం చెబుతున్నది. పైగా ఆ రాష్ట్ర భాషలో చదువుకొంటున్న పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వారిచేత రాయించవచ్చు.

అడగవలసినవి మూడే ప్రశ్నలు. గత సంవత్సరం ఎంత నిధి వచ్చింది? నీటికి, శుభ్రతకు ఎంత ఖర్చయింది? సమితి ఎన్నిసార్లు సమావేశమైంది?

మన వంతు బాధ్యతా లేకపోలేదు. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు దొడ్డిలో వేసి దారి మూసేది మనమే. ఆ అలవాటు మానుకొంటే మన ప్రశ్నకు బలం పెరుగుతుంది. లెక్క అడిగే గ్రామంలో ఆసుపత్రి తాళం ఎక్కువ కాలం నిలవదు.