బిరుదము – బాధ్యత

సౌందర్యమునకు పందెము పెట్టి, గెలిచిన కన్య శిరమున కిరీటముంచు ఆచారమును మేము మెచ్చినవారము కాము. స్త్రీని నలుగురిలో నిలువబెట్టి రూపమునకు వెలగట్టుట నాగరికతా లక్షణము కాదు. ఇట్టి పోటీలలో పేరుమోసిన అమెరికాదేశపు పోటీ 1921 లో అట్లాంటిక్ సిటీ యను సముద్రతీర పట్టణమున పుట్టినది. వేసవి ముగిసిన పిదప కూడ యాత్రికులు మఱికొన్ని దినములు నిలిచి ధనము వ్యయము చేయవలయునని అచటి వర్తకులు పన్నిన యుపాయమది. పుట్టుక యిట్టిదైనను, ఆ కిరీటమును ధరించిన యిద్దఱు యువతులు దానిని పౌరకార్యమునకు వినియోగించిన విధము ఆలోచింపదగియున్నది. వారిలో నొకతె తెలుగుబిడ్డ యగుటచే ఆ యాలోచన మనకు మఱింత యావశ్యకము.

మొదటియామె బెస్ మయర్సన్. రష్యానుండి వలసవచ్చిన యూదుల కుమార్తె. న్యూయార్కు నగరమున పెరిగి హంటర్ కళాశాలలో సంగీతము చదివినది. యూదుపేరు ఈ రంగమునకు తగదు, మార్చుకొనుమని పోటీ నిర్వాహకురాలు ఆమెకు సలహా చెప్పెను. ఆమె మార్చుకొనలేదు. ఆ పేరుతోనే 1945 సెప్టెంబరులో గెలిచెను. ఐరోపాలో యూదులు లక్షలకొలది హతులైన ఘోరము లోకమునకు బయల్పడిన సంవత్సరమది. అయినను విజేతలను తమ సరకుల ప్రకటనలకు పిలుచు కంపెనీలు ఈమెను పిలుచుటకు వెనుదీసినవి. యూదులకు ప్రవేశము లేదను క్లబ్బులు ఎదురైనవి. ఆమె ఇంటికి పోయి దుఃఖించుచు కూర్చుండలేదు. యూదద్వేషమును ఎదుర్కొను సంఘముతో చేరి, పాఠశాలలకు వెళ్లి, ద్వేషమున్నచోట సౌందర్యముండదని బాలబాలికలకు బోధించెను. 1969 లో న్యూయార్కు నగరము వినియోగదారుల రక్షణశాఖను ఆమె చేతికిచ్చెను. కిరీటము చూచి నవ్విన వర్తకులు ఆమె తనిఖీలకు జంకవలసివచ్చెను. తరువాత 1987 లో మఱియొక పదవిని అభియోగముల నడుమ విడిచినది. 1988 లో న్యాయస్థానము నిర్దోషి యని తీర్చినది. కావున ఆమెను దేవతగా నిలుపుట మా యుద్దేశము కాదు. బిరుదమును పనిముట్టుగా వాడిన పౌరురాలు, అంతియే.

రెండవయామె నీనా దావులూరి. తల్లిదండ్రులది విజయవాడ, జననము అమెరికాలోని సిరక్యూస్ నగరమున. కూచిపూడి అభ్యసించిన యీమె 2013 సెప్టెంబరులో అదే యట్లాంటిక్ సిటీలో నెగ్గి, ఆ కిరీటమును పొందిన మొదటి భారతసంతతి యువతి యయ్యెను. గంటలు గడువకమునుపే ఆమెను అరబ్బు యనియు, ఉగ్రవాది యనియు అంతర్జాలమున దూషించినవారు కలరు. తాను మొట్టమొదట అమెరికా పౌరురాలననియు, ఆ మాటలకు పైన నిలువవలయుననియు మాత్రము ఆమె బదులు చెప్పెను. భిన్నసంస్కృతులవారు ఒకరినొకరు తెలిసికొని మెలగవలయుననుటయే ఆమె స్వీకరించిన కార్యము. ఏడాది పొడవున విద్యాలయములకు తిరిగి ఆ విషయమునే చెప్పెను. విజ్ఞానశాస్త్ర విద్యను గూర్చి విద్యార్థులకు ఉద్బోధించెను.

మా వృత్తివారి దోషము నొకటి యిచట చెప్పవలసియున్నది. 2014 ఏప్రిలులో ఆమె పెన్సిల్వేనియాలోని యొక ఉన్నత పాఠశాలకు పోయి విద్యను గూర్చియు, భిన్నత్వమును గూర్చియు మాటలాడెను. ప్రశ్నల సమయమున ఒక విద్యార్థి లేచి, పాఠశాల నృత్యోత్సవమునకు తనతో రమ్మని ఆమెను కోరెను. పాఠశాలవారు అతనిని శిక్షించిరి. క్షమింపుడని ఆమెయే వారిని వేడెను. ఈ వినోదము దేశదేశముల పత్రికలలో పడినది. ఆమె చెప్పిన మాట యేమో చదువరులలో ఎందఱికి తెలియును? స్త్రీ నోరు తెఱచినప్పుడు ముఖమునే చూచుట లోకమునకు అలవాటైనది.

ఆమె గెలిచిన దినమున మనవారు మా పిల్ల యని సంబరపడిరి. సంబరము తప్పుకాదు. కాని ఆ చాయగల పిల్ల మనదేశపు పోటీలలో నెగ్గగలిగెడిదా యని మనదేశపు పత్రికలే ఆనాడు ప్రశ్నించినవి. పెండ్లి ప్రకటనలలో తెల్లని వధువు కావలయునని వ్రాయించువారు అమెరికాలోని వర్ణద్వేషమును నిందించుట ఎంతవఱకు ఉచితమో వారే తలపోయుదురుగాక.

అంతకు మించినది మఱియొకటి కలదు. పరదేశమున అలంకారమాత్రమగు బిరుదమును స్త్రీలు అధికారముగా మార్చుకొనగా, స్వదేశమున రాజ్యాంగము ఇచ్చిన అధికారమును మనము అలంకారముగా మార్చుచున్నాము. 1993 లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ పంచాయతీలలో స్త్రీలకు మూడవవంతు స్థానములు కేటాయించినది. మన రెండు తెలుగు రాష్ట్రములును దానిని సగమునకు పెంచినవి. చట్టము ఘనమైనదే. కాని పెక్కు గ్రామములలో జరుగుచున్నదేమి? నామినేషను పత్రముపై భార్య సంతకము, సభలో కుర్చీపై భర్త. ఫలకముపై ఆమె పేరు, తీర్మానములో అతని మాట. "సర్పంచు పతి" యను క్రొత్త యుద్యోగము ఏ శాసనములోను లేదు. ఊరూర మాత్రము కలదు. పూలదండ వేయించుకొని ప్రక్కగదిలో కూర్చుండు సర్పంచునకును, కాగితపు కిరీటము పెట్టిన బొమ్మకును భేదమేమి?

ఆమెకు వ్యవహారము తెలియదని భర్తలు చెప్పుదురు. ఎన్నికైన పురుషులందఱును మొదటి దినముననే లెక్కలు నేర్చి వచ్చిరా? సభలో కూర్చున్ననే సభ తెలియును. 1923 లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున 14 ఏండ్ల స్వచ్ఛందసేవిక యొకతె నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని విడువవలదని ఆమెకు ఆజ్ఞ. వచ్చినవారు జవహర్లాలు నెహ్రూ. ఆమె ఆయనను ఆపెను. టిక్కెట్టు కొన్న పిమ్మటనే లోనికి విడిచెను. ఆ బాలికయే దుర్గాబాయి. తరువాత రాజ్యాంగసభలో కూర్చున్నది. ఆమె శిరమున ఏ కిరీటమును లేదు. చేతనున్న పని తనదేయను ఎఱుక యుండెను. ఆ పనిలో ఆమె బదులుగా మఱియొకరు నిలువలేదు.

కావున గ్రామములలోని భూస్వాములకును, పట్టణములలోని పెద్దలకును మా విన్నపమిది. దూరదేశపు కిరీటములకు హారతులు పట్టుటకు ముందు, మీ యింటి సర్పంచును, మీ వార్డు సభ్యురాలిని ఆమె కుర్చీలో ఆమెను కూర్చుండనిండు. తప్పుచేసినచో సభ అడుగును. ఆమె బదులు చెప్పును. ప్రజాస్వామ్యమునకు అంతకు మించిన పాఠశాల లేదు.